కార్బన్ మోనాక్సైడ్ పీల్చినవారికి మెదడు స్కాన్: మొదటి రోజు బాగుందంటే సరిపోతుందా?

గోదారిగట్టు: నమస్కారం. మేము బెంగళూరులో ఉంటున్నాము. జనవరిలో మా అత్తగారు తలుపు, కిటికీ మూసుకుని గ్యాస్ గీజరు నీళ్లతో స్నానం చేస్తూ స్పృహ తప్పారు. ఆసుపత్రిలో సీటీ స్కాన్ తీసి, మెదడులో లోపమేమీ లేదని చెప్పి మూడో రోజు ఇంటికి పంపారు. ఆవిడ మామూలుగానే తిరిగారు, వంట కూడా చేశారు. ఇరవై రోజుల తరువాత ఒక ఉదయం చీర కుచ్చిళ్లు చేతిలో పట్టుకుని, తరువాత ఏం చేయాలో తోచక అలాగే నిలబడిపోయారు. ఇప్పుడు ఎమ్మారైలో మార్పులున్నాయంటున్నారు. మొదటి స్కాన్ సరిగా చూడలేదా?

రేడియాలజీ_విశాఖ: అలా అనుకోనవసరం లేదండీ. తొలి గంటల్లో సీటీ మామూలుగా కనబడటం అరుదు కాదు. మూసిన గదిలో గ్యాస్ గీజరు మండితే వెలువడే కార్బన్ మోనాక్సైడ్ దెబ్బ ఎక్కువగా పడేది మెదడులో గ్లోబస్ పాలిడస్ అనే లోపలి భాగం మీద. ఎమ్మారైలో అది రెండు వైపులా సమానంగా తెల్లగా కనిపిస్తుంది. అయితే ప్రాణవాయువు అందకపోయినా, మరికొన్ని విషాల వల్లా అలాంటి మచ్చలే రావచ్చు కనుక, మూసిన స్నానాల గది సంగతి డాక్టరుకు చెప్పడం స్కానంత ముఖ్యం. మీ అత్తగారిలా కొన్నాళ్లు బాగుండి, వారాల తరువాత మతిమరుపు, నడకలో తేడా వచ్చేవారిలో మెదడులోని తెల్ల పదార్థం (నాడీ తంతువులుండే భాగం) దెబ్బతింటుంది. ఆ మార్పు మొదటి రోజు స్కానులో ఉండకపోవచ్చు.

కుంపటి_అనుభవం: లంబసింగిలో చలికి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని మా తమ్ముడు ఇలాగే పడిపోయాడు. వేలికి పెట్టిన ఆక్సీమీటరు 98 చూపిస్తుంటే మేమంతా ధైర్యంగా ఉన్నాం. రక్తపరీక్షలో కార్బాక్సీ హిమోగ్లోబిన్, అంటే కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్, ఎక్కువగా ఉందని తేలాకే అసలు సంగతి అర్థమైంది.

రేడియాలజీ_విశాఖ: మామూలు ఆక్సీమీటరు కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను కూడా ఆక్సిజన్ పట్టినదిగానే లెక్క వేస్తుంది. నిర్ధారణకు మొదట కావలసింది ఆ రక్తపరీక్షే, అదీ ఆలస్యం చేయకుండా: మామూలు గాలిలో కార్బాక్సీ హిమోగ్లోబిన్ శాతం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడితే, పూర్తి ఆక్సిజన్ ఇచ్చినప్పుడు గంట, గంటన్నరలోనే తగ్గుతుంది. అందుకే ఆక్సిజన్ పెట్టి, ఆలస్యంగా తీసిన రక్తంలో తక్కువ వచ్చిందని వాయువు సోకలేదనకూడదు.

గోదారిగట్టు: ఆవిడ కోలుకుంటారా?

రేడియాలజీ_విశాఖ: ఇలా ఆలస్యంగా లక్షణాలు వచ్చినవారిలో చాలామంది నెలల తరబడి మెల్లగా మెరుగుపడతారు. న్యూరాలజిస్టు దగ్గరకు వెళ్లేటప్పుడు పాత సీటీ సీడీని, కొత్త ఎమ్మారైని రెండింటినీ పట్టుకెళ్లండి. రిపోర్టు కాగితాలు మాత్రమే చూస్తే పోల్చడం కుదరదు.

గోదారిగట్టు: సీడీ బీరువాలోనే ఉంది, శుక్రవారం తీసుకెళతాను. గీజరును నిన్ననే స్నానాల గది బయటికి మార్పించాము.