డైనోసార్లు అంతరించకపోయి ఉంటే మనిషంత తెలివి సంపాదించేవా?

అంకీసా విద్యార్థిని:
6.6 కోట్ల సంవత్సరాల క్రితం గ్రహశకలం పడకపోయి ఉంటే, మన స్థానంలో డైనోసార్లే ఆలోచించే జీవులుగా ఎదిగేవని నా వాదన. శరీరంతో పోలిస్తే పెద్ద మెదడు గల ట్రూడాన్ తరహా డైనోసార్ నుంచి నిటారుగా నడిచే, మనిషిని పోలిన జీవి రాగలదని 1982లో పురాజీవ శాస్త్రవేత్త డేల్ రస్సెల్ ఊహించి, దానికొక నమూనా కూడా చేయించారు. 2023లో నాడీ శాస్త్రవేత్త సుజానా హెర్కులానో-హౌజెల్, మాంసాహార డైనోసార్ అయిన టైరనోసారస్ ముందుమెదడులో సుమారు 300 కోట్ల నాడీకణాలు, అంటే బబూన్ కోతికి ఉన్నన్ని, ఉండేవని లెక్కగట్టారు.

సిరొంచ ఉపాధ్యాయుడు:
అమ్మా, ఆ లెక్క మొదలైన చోటే నాకు అనుమానం ఉంది. మెదడు సాధారణంగా రాయిగా మారి మిగలదు; మనకు దొరికేది పుర్రెలోని గుల్ల మాత్రమే. పక్షుల్లో మెదడు ఆ గుల్లను దాదాపు నింపుతుంది కానీ, ఎదిగిన మొసలిలో చాలా భాగం ఖాళీగానే ఉంటుంది కాబట్టి, టైరనోసారస్‌ను దేనితో పోల్చామన్న దానిమీదే జవాబు ఆధారపడుతుంది. 2024లో కై కాస్పర్ బృందం ఇదే ప్రశ్న లేవనెత్తి, ఆ సంఖ్యను 25 కోట్ల నుంచి 170 కోట్ల మధ్యకు దించింది.

మహారాష్ట్రలోని మన సిరొంచ తాలూకాలో, పోచంపల్లి దగ్గర దొరికిన బరాపాసారస్ అనే పొడవాటి మెడ గల శాకాహార డైనోసార్‌నే చూడండి. సుమారు 300 ఎముకలు బయటపడినా పుర్రె దొరకలేదు, కొన్ని పళ్లు మాత్రమే దొరికాయి. దాని తెలివి గురించి నేను ఒక్క మాట కూడా చెప్పలేను. అయితే పుర్రెలు దొరికిన దాని బంధువుల్లో, అంత పెద్ద శరీరానికి మెదడు చాలా చిన్నది. అయినా ఆ వంశం కోట్ల ఏళ్లు నిలిచింది. డైనోసార్లకు 16 కోట్ల సంవత్సరాలకు పైగా గడువు దొరికింది, చింపాంజీల నుంచి విడిపోయిన మన వంశానికి పట్టినది అరవై డెబ్బై లక్షల సంవత్సరాలే. ఇంకొంత కాలం దొరికి ఉంటే తెలివి వచ్చి తీరేదన్న మాటను అందుకే ఒప్పుకోలేకపోతున్నాను.

అంకీసా విద్యార్థిని:
గుల్ల విషయంలో మీ మాటే సరైనది సార్. కానీ డైనోసార్లు పూర్తిగా పోలేదు కదా, పక్షులు వాటి సంతతే. న్యూ కాలెడోనియా కాకులు రెమ్మను కొక్కెంలా మలిచి, చెట్టు తొర్రలోని పురుగును బయటికి లాగుతాయి. అంతే బరువున్న కోతి మెదడులో కంటే కాకి, చిలుకల ముందుమెదడులో నాడీకణాలు ఎక్కువ దట్టంగా ఉంటాయని 2016లో తేలింది. ఆ వంశానికి తెలివి దారి మూసుకుపోలేదని చెప్పడానికి ఇది చాలదా?

సిరొంచ ఉపాధ్యాయుడు:
కాకి సంగతి మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. అయితే మీరిచ్చిన ఆ ఉదాహరణే రస్సెల్ ఊహకు ఎదురు నిలుస్తుంది: తెలివి వచ్చినా కాకికి రెక్కలు, ముక్కు అలాగే ఉన్నాయి, మనిషి రూపం రాలేదు.