పచ్చి అంజీర్ మిల్క్‌షేక్ చేదెక్కిపోతోంది, ఏం చేయాలి?

మా ఇంట్లో ఎండు అంజీర్ రాత్రి నానబెట్టి పొద్దున పాలల్లో వేసి కొట్టుకుని తాగడం ఎప్పట్నుంచో అలవాటు, ఏ ఇబ్బందీ లేదు. ఈమధ్య మార్కెట్లో పుణె పురందర్ వైపు నుంచి వచ్చిన పచ్చి అంజీర్ కనబడితే తెచ్చా, అసలు గొడవ దీంతోనే.

6 పళ్ళు, కాచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టిన పాలు 400 మి.లీ., 2 స్పూన్ల తేనె, అంతే. కొట్టగానే తాగితే సూపర్‌గా ఉంది, 20 నిమిషాలు ఆగితే మాత్రం నాలుక చివర చేదు, గంటకి గ్లాసు అడుగున నీళ్ళు పైన విరిగిన ముద్ద. పాలు పాడయ్యాయేమో అనుకుని వేరే ప్యాకెట్ కూడా చూశా, అదే కథ. తొడిమ తుంచితే తెల్లగా జిగురు పాలు కారుతున్నాయి, దానివల్లేనేమో అని తొడిమ లోతుగా కోసేసి, తొక్క కూడా తీసి చేశా, చేదు కొంచెం ఆలస్యంగా వచ్చింది గానీ పోలేదు. ఆ జిగురులో ఫిసిన్ అనే ఎంజైమ్ ఉంటుందని, అది పాలని విరగ్గొడుతుందని, వేడికి చచ్చిపోతుందని తర్వాత తెలిసింది. సరే అని ముక్కల్ని కొంచెం నీళ్ళలో 10 నిమిషాలు ఉడికించా, చేదు పూర్తిగా పోయింది కానీ ఆ పచ్చి వాసనా పోయింది, రంగు చూస్తే చింతపండు గుజ్జే. ఇక ఎండువే నయం కదా!

పండు రుచి చెడకుండా చేదు మాత్రం రాకుండా ఉండాలంటే ముక్కల్ని ఎన్ని నిమిషాలు, ఎంత వేడిలో ఉంచాలి? చేసి చూసినవాళ్ళు ఎవరైనా చెప్తారా ప్లీజ్?