ఇంజన్ బోరు చేయించిన 600 కిలోమీటర్లకే టకటక శబ్దం: కారణం ఎలా తేల్చుకోవాలి?

మాది కావలి. మా 2011 నాటి డీజిల్ కారు ఇంజన్‌ను గత నెల నెల్లూరులో పూర్తిగా విప్పించి పని చేయించాను. బోరు చేసి (సిలిండర్ల లోపలి గోడలను కోసి సరిచేసి) కొత్త పిస్టన్లు, రింగులు వేశారు. క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) గ్రైండింగ్ చేయించి బేరింగులు మార్చారు. ఆయిల్ పంపు మాత్రం పాతదే.

మొన్న అమ్మను ఒంగోలు ఆసుపత్రికి తీసుకువెళుతుంటే, ఉలవపాడు దాటాక ఎర్రటి ఆయిల్ లైటు వెలిగింది. పక్కకు ఆపేలోగా ఇంజన్ అడుగు నుంచి సుత్తితో కొట్టినట్టు శబ్దం మొదలైంది. వెంటనే ఆపేశాను. గేజ్ పుల్ల తీసి చూస్తే ఆయిల్ నిండుగానే ఉంది.

కారును ఇంటికి లాగించి, కొంచెం ఆయిల్‌ను తెల్లటి పళ్లెంలోకి దించాను. ఎండలో వెండిపొడి చల్లినట్టు మెరిసింది. అడుగున రాగి రంగు రేకులూ ఉన్నాయి. అయస్కాంతానికి ఏదీ అంటుకోలేదు. అంటే ఇనుము కాదు, బేరింగులే అరిగిపోయాయని నా అనుమానం. కూలెంట్ తగ్గలేదు, ఆయిల్ పాలలా మారలేదు, కాబట్టి హెడ్ గాస్కెట్ (ఇంజన్ హెడ్ కింద ఉండే సీలు) పోవడం కాదనుకుంటున్నాను.

కొత్త ఇంజన్‌ను వేగంగా నడిపానని మెకానిక్ అంటున్నారు. నేను 60 దాటించలేదు, ఒట్టు.

పంపు బలహీనమా, గ్రైండింగ్ పొడి ఆయిల్ దారుల్లో మిగిలిపోయిందా, బేరింగులకూ షాఫ్ట్‌కూ మధ్య ఉండాల్సిన సందు తప్పిందా? ఎల్లుండి ఆ మెకానిక్కే చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) దించుతానన్నారు. ఆ సమయంలో నేను దగ్గరుండి మొదట ఏమి చూడాలి, ఏవి కొలిపించాలి, ఏవి ఫోటో తీసుకోవాలి? ఇంజన్ పని తెలిసినవారు దయచేసి చెప్పండి.