గ్రూపులో చదివితే వస్తుందా, వచ్చినట్టు అనిపిస్తుందా?

సుద్దముక్క: డీఎస్సీ ఫిజికల్ సైన్స్‌కి ఆరుగురం కలిసి చదువుతున్నాం. తలా ఒక ఊరు. రాత్రి 9కి గూగుల్ మీట్, నోట్సంతా ఒకే గూగుల్ డాక్‌లో. మా అన్నయ్యేమో "కబుర్లతో చదువు రాదు, ఆ రెండు గంటలూ ఒక్కదానివే కూర్చుని చదువుకో" అంటున్నాడు. మీరేమంటారు?

గోదారి గాలి: మీ అన్నయ్య మాటే నిజం. పోయినసారి నేనూ ఇలాగే చదివాను. ఒకరోజు డాక్‌లో ప్రశ్న పెట్టాం: నిట్టనిలువుగా పైకి విసిరిన రాయి సరిగ్గా పై చివర ఉన్నప్పుడు దాని త్వరణం ఎంత? మాలో బాగా చదివే ఆయన ముందుగా "సున్నా" అని రాశారు. కింద వరసగా సున్నా, సున్నా, సున్నా. నేను 9.8 అని టైప్ చేసి, చెరిపేసి, సున్నా పెట్టాను. అక్కడ సున్నా అయ్యేది వేగం, త్వరణం కాదు. ఐదుగురం కలిసి తప్పు నేర్చుకున్నాం.

పల్లెబడి టీచర్: తప్పు కలిసి చదవడంలో లేదండీ, పక్కవాళ్ల జవాబు ముందే కనబడటంలో ఉంది. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 1991లో క్లాసు తీరే మార్చేశారు. ముందు ఎవరికి వాళ్లు జవాబు చెప్పాలి. తర్వాత పక్కవాళ్లతో వాదించుకుని, మళ్లీ జవాబు చెప్పాలి. నిన్ననే అర్థమైన పిల్లకి తను ఎక్కడ తికమకపడిందో గుర్తుంటుంది. ఏళ్ల తరబడి చెబుతున్న మాకు అది గుర్తుండదు. మీరు టెలిగ్రామ్ పోల్ పెట్టుకోండి, ఓటేసేదాకా ఫలితం కనబడదు. వాట్సాప్‌లో అయితే ఎవరు దేనికి వేశారో తెలిసిపోతుంది.

గోదారి గాలి: సరే, ఓట్లు దాచారు. అందరికీ తప్పే తోస్తే? గొంతు పెద్దదైనవాళ్లే నెగ్గుతారు కదా.

పల్లెబడి టీచర్: నెగ్గొచ్చు. అందుకే చివర్లో పాఠ్యపుస్తకం తెరవాల్సిందే. ఇంకోటి, పీరియాడిక్ టేబుల్ లాంటివి బట్టీ పట్టడానికి మీట్ దండగ. అక్కడ మాత్రం అన్నయ్య మాట వినండి.

సుద్దముక్క: నిన్న ఆ రాయి ప్రశ్నే పోల్‌లో పెట్టాను. సున్నాకి మూడు, 9.8కి రెండు. మీట్‌లో ఒకమ్మాయి అడిగింది: "పైన త్వరణం కూడా సున్నా అయితే రాయి అక్కడే ఆగిపోవాలి కదా, కిందికెందుకొస్తుంది?" కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మళ్లీ ఓటేస్తే 9.8కి నాలుగు. ఒకావిడ ఇంకా సున్నా దగ్గరే ఉన్నారు. ఇవాళ మీట్ ఆవిడ అనుమానంతోనే మొదలుపెడుతున్నాం.