‘ప్రీ-రికార్డెడ్’లో ఆ ‘ప్రీ’ దేనికి?

నిన్న ఒక చెల్లెలు అడిగింది: “అన్నా, ప్రీ-రికార్డెడ్‌ను ‘పూర్వముద్రితం’ అనవచ్చా? అయినా రికార్డు అంటేనే ముందు చేసింది కదా, మళ్ళీ ‘ప్రీ’ ఎందుకు?”

చెల్లెమ్మా, దేనికి ముందు అన్నది చూడాలి. క్యాసెట్ల రోజుల్లో మా నాన్న కీర్తనల చీటీ రాసిస్తే, తిరుపతి బజారులో రికార్డింగ్ షాపుకు తీసుకెళ్ళేవాణ్ణి. 60 నిమిషాల ఖాళీ క్యాసెట్టుకు ఒక్కో పక్క 30 నిమిషాలు. లెక్క చూసుకుని పాటలు ఎక్కించి ఇచ్చేవారు. కంపెనీ పాటలు నింపి అమ్మేది వేరు. అమ్మకానికి ముందే ఎక్కించింది కాబట్టి అది ప్రీ-రికార్డెడ్. మేము మాత్రం ‘ఒరిజినల్ క్యాసెట్టు’ అనేవాళ్ళం. ఖాళీ క్యాసెట్టు వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులు ఉంటాయి. ఒరిజినల్‌కు వాటి చోట గుంటలే ఉండేవి, పొరపాటున ఎవరూ పైన వేరే పాట ఎక్కించకుండా. (గుంట మీద టేపు ముక్క అంటిస్తే మళ్ళీ రికార్డయ్యేది!)

టీవీకి వచ్చేసరికి ఎదురుమాట ‘ఖాళీ’ కాదు, ‘ప్రత్యక్ష ప్రసారం’. తిరుమల బ్రహ్మోత్సవాల వాహనసేవ ఎస్వీబీసీలో లైవ్ వస్తుంది. మర్నాడు అదే మళ్ళీ వేస్తే అది పునఃప్రసారం, ప్రీ-రికార్డెడ్ కాదు. మొదటిసారి ప్రసారం కాకముందే తీసి పెట్టుకున్నదే ప్రీ-రికార్డెడ్. ఈ తేడా పేపర్లలో కూడా చెరిగిపోతుంటే నాకు బాధగా ఉంటుంది.

‘పూర్వముద్రితం’ నాకు నచ్చలేదు. ముద్రణ అనగానే మనకు అచ్చే గుర్తొస్తుంది, పాత ప్రచురణ అనుకుంటారు. ‘ధ్వనిముద్రణ’లో ‘ధ్వని’ ఉంది కాబట్టి సరిపోయింది, కానీ వీడియోకు అది చాలదు. ‘ముందే రికార్డు చేసిన’ అంటే అందరికీ తెలుస్తుంది. క్యాసెట్టుకైతే ‘ముందే పాటలు ఎక్కించిన’ అంటే ఇంకా బాగుంటుంది. ‘ఎక్కించడం’ మన నోట్లో ఎప్పటినుంచో ఆడుతున్న మాట.

“మరి రైల్వే స్టేషన్‌లో వినిపించే ప్రకటన అన్నా?”

అది ఇంకా చక్కటి ఉదాహరణమ్మా. రైలు నంబరులోని అంకెలు, ఊళ్ళ పేర్లు, ప్లాట్‌ఫారం నంబరు విడివిడిగా ముందే రికార్డు చేసి పెడతారు. రైలు వచ్చే వేళకు కంప్యూటరు వాటిని కలిపి వినిపిస్తుంది. ఆ వాక్యం మొత్తాన్ని ఎవరూ ఒక్కసారిగా పలికి ఉండరు. అక్కడ వాక్యం అప్పటికప్పుడు తయారైంది, గొంతు మాత్రమే ముందుది. అందుకే దాన్ని ‘ముందే రికార్డు చేసిన ప్రకటన’ అనను, ‘ముందే రికార్డు చేసిన గొంతు’ అంటాను.