హిప్ రూఫ్‌కి రిడ్జ్ క్యాప్ 7 బండిళ్లా? 3-ట్యాబ్ కోసి వేస్తే సరిపోదా?

ఫ్రిస్కోవాలా: వడగళ్లకి రూఫ్ పోయింది, మారుస్తున్నాం. ఇల్లు 40×30 అడుగులు, హిప్ రూఫ్, అంటే నాలుగు పక్కలా ఒకే వాలు, 6/12 (12 అడ్డంగా పోతే 6 ఎత్తు). కోట్‌లో రిడ్జ్ (రూఫ్ నడినెత్తి అంచు) మీద కప్పడానికి జీఏఎఫ్ కంపెనీ టింబర్‌టెక్స్ క్యాప్ 7 బండిళ్లు వేశారు. రిడ్జ్ చూస్తే పది అడుగులే! రెండు బండిళ్ల 3-ట్యాబ్ (మూడు ముక్కలుగా కోయగల పల్చటి షింగిల్, అంటే రూఫ్ మీద పరిచే పలక) కోసుకుంటే అయిపోదా?

కొలతలబాబు: క్యాప్ రిడ్జ్‌కే కాదండి, హిప్‌లకీ (మూలల నుంచి రిడ్జ్‌కి ఎక్కే ఏటవాలు అంచులకీ) కావాలి. మీ ఇంట్లో అసలు పొడవంతా వాటిలోనే ఉంది. ఇంటి వెడల్పులో సగం, అంటే 15 అడుగులు, రన్ (అడ్డంగా కొలిచిన దూరం). 6/12 వాలుకి హిప్ గుణకం సరిగ్గా 1.5. ఒక్కో హిప్ 22.5, నాలుగూ 90, రిడ్జ్ 10, మొత్తం 100 అడుగులు. ప్లాన్ మీద స్కేలు పెట్టి కొలిస్తే హిప్ 21.2 అనే వస్తుంది, వాలు అందులో కనపడదు. టింబర్‌టెక్స్ బండిల్‌కి 20 అడుగులు. పది శాతం తరుగు కలిపినా 6 చాలు. ఇంతకీ 40×30 గోడల కొలతా, చూరు కొలతా?

ఫ్రిస్కోవాలా: గోడలదే. చూరు చుట్టూ 2 అడుగులు బయటికి ఉంది.

కొలతలబాబు: అదన్నమాట. అప్పుడు రూఫ్ 44×34. రన్ 17, హిప్ 25.5, నాలుగూ 102, రిడ్జ్ అదే 10. మొత్తం 112. పది శాతంతో 123, అంటే 7 బండిళ్లు. కోట్ కరెక్టే.

సుత్తిమేకు: క్యాప్‌కి పది శాతం దేనికన్నా? వ్యాలీల (రెండు వాలులు లోపలికి కలిసే చోట్ల) దగ్గర కోతకి పోయే తరుగు ఇక్కడ లేదు. ముక్క పోయేది నాలుగు హిప్‌ల అడుగున మూల కత్తిరించేటప్పుడు, పైన రిడ్జ్‌తో కలిసే రెండు చోట్ల. 6 బండిళ్లంటే 120 అడుగులు, 8 మిగులు, ఎనిమిదేసి అంగుళాల లెక్కన 12 ముక్కలు. ధారాళంగా సరిపోతాయి. అసలు 3-ట్యాబ్ అయితే బండిల్‌లో 26 షింగిళ్లు, 78 ముక్కలు, 5 అంగుళాల చొప్పున 32.5 అడుగులు. 4 బండిళ్లతో పనైపోతుంది, ఖర్చూ తక్కువే. రెండు మాత్రం చాలవు, 65 అడుగులే.

గాలివాన: లామినేటెడ్ (పొరలు అతికించిన మందపాటి షింగిల్) రూఫ్ నెత్తిన 3-ట్యాబా! గాలి ముందు లేపేది అంచుల్నీ రిడ్జ్‌నే. 3-ట్యాబ్‌కి గాలి వారంటీ మామూలుగా గంటకి 60-70 మైళ్లు, కింద పరిచిన షింగిల్‌కేమో 130. పైగా ప్రతి ముక్కకీ పైసగం రెండు పక్కలా ఏటవాలుగా కోయాలి. లేకపోతే పై ముక్క కింద నుంచి చెవుల్లా బయటికొస్తాయి. 300 ముక్కలు అలా ఎవరు కోస్తారు? లామినేటెడ్‌నే కోసి వేస్తామంటే అసలు ఒప్పుకోకండి, ఆ మందం వంగదు.

ఇంకోటి, ఇన్సూరెన్స్ వాళ్లు ఖర్చు లెక్కగట్టే ఎక్స్‌యాక్టిమేట్ సాఫ్ట్‌వేర్‌లో 3-ట్యాబ్ కోసిన క్యాప్, స్టాండర్డ్ ప్రొఫైల్ (మామూలు ఎత్తు), హై ప్రొఫైల్ (ఎక్కువ ఎత్తు) అని వేర్వేరు లైన్లు ఉంటాయి. ఏ లైన్‌కి డబ్బు వచ్చిందో, పైన పడేదీ అదేనా అని చూసుకోండి.

సుత్తిమేకు: కోత పని ఎక్కువని ఒప్పుకుంటా. అయినా 3-ట్యాబ్ క్యాప్‌లు ఎగిరిపోయిన చోట ఎక్కువసార్లు తప్పు షింగిల్‌ది కాదు, మేకుది. మేకు కొట్టేది కింది అంచు నుంచి 5⅝ అంగుళాల పైన. తర్వాతి ముక్క 5 దగ్గర మొదలైతే మేకు దాని కింద ⅝ అంగుళం లోపల ఉంటుంది. బండిల్ మిగులుతుందని 6 కి సాగదీస్తే మేకు తల ⅜ అంగుళం బయటపడి, తుప్పు పట్టి, అక్కడే నీళ్లు దిగుతాయి.

ప్లేనో రూఫర్: సాగదీసేది ఎందుకు? సరుకు తక్కువ వచ్చినందుకే. ఇద్దరూ ఒకే మాట చెబుతున్నారు 🙂 చలి పొద్దున క్యాప్ వంచితే పగులుతుంది, ఆ 12 ముక్కల్లో సగం అక్కడే పోతాయి. ఎండలో కాసేపు పెట్టి వంచాలి. నా ఓటు 7 కే. విప్పని బండిల్‌ని షాపు వెనక్కి తీసుకుంటుందో లేదో ముందే అడిగి కోట్‌లో రాయించండి.

లేదా జీఏఎఫ్‌దే ఇంకో క్యాప్, సీల్-ఎ-రిడ్జ్ చూడండి. బండిల్‌కి 25 అడుగులు, మీ 123 కి 5 చాలు. అంత ఎత్తుగా కనపడదు, అంతే తేడా.

రిడ్జ్ మీద వెంట్ (అటక గాలి బయటికి పోయే దారి) వేస్తున్నారా? అయితే ఆ 10 అడుగుల వరకూ మేకులు పొడవైనవి కావాలి. మామూలు మేకు వెంట్‌లోనే ఆగిపోతుంది, డెక్‌ని (షింగిళ్ల కింది చెక్కని) పట్టదు.

ఫ్రిస్కోవాలా: వెంట్ ఉంది. కోట్‌లో మేకుల పొడవు రాయలేదు, రేపు అడుగుతా.