చీనీ తోటలో పసుపు చారల సాలీడు – ఇది ఏ రకం, మందు కొట్టాలా?

ప్రశ్న (తాడిపత్రి దగ్గర చీనీ రైతు):
అందరికీ నమస్కారం. మాది నాలుగెకరాల చీనీ తోట. వానలు పడినప్పటి నుంచి చెట్టుకూ చెట్టుకూ మధ్య పెద్ద పెద్ద సాలెగూళ్లు, పొద్దున్నే డ్రిప్పు చూడ్డానికి పోతే మొహానికి అంటుకుంటున్నాయి. మధ్యలో పసుపు చారల సాలీడు తలకిందులుగా వేలాడుతుంటుంది, కాళ్లతో కలిపి పది రూపాయల బిళ్ల కంటే కాస్త పెద్దది. గూటిలో తెల్లదారంతో కుట్టు వేసినట్టు ఇంటూ గుర్తు కూడా ఉంది. ఇంకోటి గోధుమ రంగుది, సాయంత్రం పూటే కనిపిస్తుంది, తెల్లారేసరికి గూడుతో సహా మాయం. ఇవి పాకితే ఒళ్లు పొక్కుతుందని కలుపుకు వచ్చే ఆడవాళ్లు ఆ సాళ్లలోకి దిగం అంటున్నారు. నిన్న ఒకామె చేతి మీద నిజంగానే గీత గీసినట్టు పొక్కులు లేచాయి, టెన్షన్‌గా ఉంది. విషమా ఇవి? రంగు చూసి ఏది ఏదో చెప్పొచ్చా? ఫోటోలు పెట్టాను.

జవాబు (అనంతపురం, బడిలో జీవశాస్త్రం చెబుతాను):
అన్నా, మందు మాత్రం కొట్టొద్దు, ముందు ఇది చదవండి. పసుపు చారలది సిగ్నేచర్ స్పైడర్, గూటిలో సంతకం పెట్టినట్టు ఆ మెలికల పట్టీ అల్లుతుంది కాబట్టి ఆ పేరు. శాస్త్రం ప్రకారం ఆర్జియోప్. మన తోటల్లో, కంచెల మీద ఎక్కువగా ఉండేది ఆర్జియోప్ అనసూజ, మీదీ బహుశా అదే. అచ్చం ఇలాగే ఉండే ఆర్జియోప్ పుల్చెల్లా కూడా ఉంది, ఆ రెండింటినీ ఫోటో చూసి విడదీయడం కష్టం, ఆడదాని పొట్ట అడుగున ఉండే చిన్న పలకను మైక్రోస్కోపు కింద చూస్తేనే ఖాయంగా చెప్పగలం.

రంగుతో మొదలుపెడితే మోసపోతాం. నేనూ మొదట్లో అలాగే చేసి, ఒకే రకాన్ని నాలుగు పేర్లతో నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ముందు గూడు చూడండి, తర్వాత సాలీడు ఎలా కూర్చుందో చూడండి, చారలు, చుక్కలు ఆ తర్వాత. ఆర్జియోప్ ఎనిమిది కాళ్లనూ రెండేసి చొప్పున జతచేసి నాలుగు కాళ్లే ఉన్నట్టు ఇంటూ ఆకారంలో చాపుతుంది. దాని పొట్ట పైన అయిదు మూలల పలకలా ఉండి పసుపు, తెలుపు, గోధుమ అడ్డ చారలు ఉంటాయి, తల భాగం మీద వెండి పొడి చల్లినట్టు సన్నని నూగు. గూటికి అవతలి వైపు నుంచి చూస్తే పొట్ట అడుగున ముదురు రంగు మీద రెండు నిలువు పసుపు గీతలు కనిపిస్తాయి, నేను బాగా నమ్మేది ఆ గుర్తునే. తెల్లపట్టీని మాత్రం నమ్మొద్దు, ఒక్కోసారి ఇంటూలో రెండు చేతులే అల్లుతుంది, ఒక్కోసారి అసలు అల్లదు, పిల్లప్పుడైతే ఇంటూ బదులు గుండ్రటి బిళ్లలా అల్లుతుంది.

సాయంత్రంది నియోస్కోనా అయ్యుండాలి. చీకటి పడ్డాక గూడు కట్టి, తెల్లవారుజామున ఆ దారాన్ని తానే తినేసి, పగలంతా మడిచిన ఆకులో కాళ్లు ముడుచుకొని పడుకుంటుంది. ఒకే రకంలో బూడిద, ఎరుపు, గోధుమ, మధ్యన తెల్లచార ఉన్నవీ లేనివీ అన్నీ ఉంటాయి, రంగు పనికిరాదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

పొక్కుల సంగతి. చూడకుండా నేను తేల్చలేను గానీ, గీతలా లేచాయంటే చాలాసార్లు కారణం పెడరస్ అనే పురుగు. సాలీడు కానే కాదది, చీమ కంటే కొంచెం పొడుగు, నారింజ, నలుపు పట్టీలు, వానాకాలం రాత్రుళ్లు లైటు దగ్గరకు వస్తుంది. ఒంటి మీద వాలినప్పుడు నలిపేస్తే దాని రసం తగిలి ఒకటి రెండు రోజుల్లో అక్కడ మండి పొక్కుతుంది. నిందేమో సాలీడు మోస్తోంది. వాలితే ఊది తోసేయండి, రసం తగిలితే వెంటనే సబ్బుతో కడగమనండి. ఆమెను మాత్రం డాక్టర్‌కు చూపించండి, ఒక పక్కనే గుంపుగా లేస్తే సర్పి కూడా కావచ్చు. ఆర్జియోప్‌ను పట్టుకుని నలిపితే తప్ప కరవదు, కరిచినా కాసేపు మంట, అంతే.

ఇంకో మాట (కర్నూలు నుంచి):
సార్, మా చేను గట్టు మీద నాగజెముడు కంచె నిండా గుడారం కట్టినట్టు సన్నని వల ఉంటుంది, నెలల తరబడి అలాగే ఉంటుంది, అదీ ఇదేనా? గుత్తిలో నీలం రంగు సాలీడు ఉండేదని కూడా విన్నాను, అది గూడు కడుతుందా?

జవాబు:
గుడారంది సిర్టోఫోరా అక్కా. దాని దారానికి జిగురు ఉండదు, అందుకే రోజూ మళ్లీ కట్టదు, చిరిగిన చోట అతుకు వేసుకుంటుంది. మంచు పడిన పొద్దున చూడండి, గిన్నె బోర్లించినట్టుంటుంది. పొదల మధ్య పల్లేరుకాయ అంత గట్టిగా, ముళ్లతో, నలుపు తెలుపు పట్టీలతో ఏదైనా కనిపిస్తే అది గాస్టెరకాంత, ముళ్లను చూసి భయపడొద్దు. నల్లమలలో ఎండకు బంగారంలా మెరిసే పెద్ద గూడు నెఫిలాది, ఆడదాని ఒళ్లే 3 నుంచి 5 సెంటీమీటర్లు.

గుత్తి నీలంది టారంటులా, అంటే ఒళ్లంతా నూగుండే పెద్ద సాలీడు, గుండ్రటి గూడు కట్టదు, చెట్టు తొర్రల్లో ఉంటుంది. 1899లో గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన దాన్ని బట్టి పోకాక్ అనే శాస్త్రవేత్త దానికి పేరు పెట్టాడు, మళ్లీ వందేళ్లకు 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో కనిపించింది. అంతరించే ముప్పు తీవ్రంగా ఉన్న జీవి, దయచేసి ఎవరూ పట్టొద్దు, ఎక్కడ చూశారో నలుగురికీ చెప్పొద్దు.

రైతు:
సార్, పొద్దున వెనక నుంచి చూశాను, పొట్ట కింద రెండు పసుపు గీతలు ఉన్నాయి. మిడత ఒకటి తగులుకుంటే నా కళ్ల ముందే గిరగిరా తిప్పి తెల్లగా చుట్టేసింది. గూటి అంచున గోధుమ రంగు చిన్నది కూర్చుంది, దాని పిల్లేనా?

జవాబు:
పిల్ల కాదన్నా, మగది, ఆడదాంట్లో సగం కూడా ఉండదు. రేపు కలుపుకు దిగేముందు పొడుగాటి పుల్లతో గూటి పైదారాన్ని చుట్టి, సాలీడుతో సహా పక్క సాలులో కొమ్మకు ఆనించండి. రాత్రికి అక్కడే కొత్తది కట్టుకుంటుంది.